పాత ఫ్రిజ్ గొట్టాలు కోయకండి

చి. పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పాత ఫ్రిజ్ వెనకున్న గొట్టాలు కోసి సైన్స్ ప్రాజెక్టుకు వాడుకుందామని అనుకుంటున్నారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ పని మాత్రం చేయొద్దు. ఎందుకో రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఫ్రిజ్ పాడైనా, ఎక్కడా లీక్ లేకపోతే గొట్టాల్లో చల్లబరిచే గ్యాస్ అలాగే ఉంటుంది. ఏ గ్యాసో కంప్రెసర్ దగ్గరో, ఫ్రిజ్ లోపలి గోడ మీదో ఉండే లేబుల్ చెబుతుంది. ఆర్-12, ఆర్-134ఎ, ఆర్-600ఎ అని రాసి ఉంటుంది, పక్కనే ఎన్ని గ్రాములో కూడా. త్రికోణంలో మంట బొమ్మ ఉంటే అది ఆర్-600ఎ కావచ్చు, అంటే ఐసోబ్యూటేన్. అది అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. ఆర్-12 మండదు గానీ ఓజోన్ పొరను తినేస్తుంది. అందుకే అలాంటి గ్యాసుల వాడకం ఆపాలని 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ అందులో చేరింది. ఆర్-134ఎ వల్ల ఓజోన్‌కు ముప్పు లేదు. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఏ గ్యాసైనా ఒక్కసారిగా చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది.

పని తెలిసిన మెకానిక్ కోతతో మొదలుపెట్టడు. కంప్రెసర్ నుంచి పొట్టి రాగి గొట్టం ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది, గ్యాస్ నింపాక మూతి నొక్కి మూసేసింది. దానికి చిన్న వాల్వ్ బిగిస్తాడు. అందులోని సూది గొట్టానికి సన్నని బెజ్జం చేస్తుంది. అక్కణ్నుంచి గ్యాస్ రికవరీ మెషిన్ ద్వారా సిలిండర్‌లోకి వెళ్తుంది. ఎండకు లోపలి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి సిలిండర్‌ని 80 శాతానికి మించి నింపరు. ఆ తర్వాతే కంప్రెసర్ విప్పి నూనె ఒంపుతారు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇది కాదు. రాగికి రేటు పలుకుతుంది, గ్యాస్‌కి పైసా రాదు. అందుకే పాత సామాన్లు కొనేవాళ్లు గొట్టం కోసేస్తారు, అంతా బుస్సుమని గాల్లో కలిసిపోతుంది. పొట్టకూటి కోసం చేసేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

గోడల్లో ఉండే పసుపు ఫోమ్‌ని కూడా చిదపకండి. ఆర్-12 కాలపు ఫ్రిజ్‌లలో గొట్టాల్లో కంటే ఆ ఫోమ్ బుడగల్లోనే ఎక్కువ గ్యాస్ ఉండేది. దాన్ని మూసి ఉన్న యంత్రంలో నలగ్గొట్టి గ్యాస్ పట్టాలి, ఇంట్లో అయ్యే పని కాదు. మైక్రోవేవ్ జోలికీ, డబ్బా టీవీ జోలికీ అసలు పోవద్దు. ప్లగ్ తీసేసినా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఫ్రిజ్‌ని రిజిస్టరైన రీసైక్లర్‌కే చేర్చాలి. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎవరికివ్వాలో కనుక్కోమని నాన్నకు చెప్పండి.

వాళ్లొచ్చేదాకా ఒక జాగ్రత్త. దాగుడుమూతల్లో చిన్నపిల్లలు లోపల దూరితే ఊపిరాడదు. ప్లగ్ తీసి, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్‌ని నాన్నతో ఊడదీయించండి, తలుపుని కూడా తాడుతో కట్టేయించండి. ఆ గాస్కెట్ లోపల పొడుగాటి అయస్కాంతం పట్టీ ఉంటుంది. మీ ప్రాజెక్టుకు అది తీసుకోండి. దాని మీద కాగితం పరిచి ఇనుప రజను చల్లితే బారులు బారులుగా సర్దుకుంటుంది. ఒకే పట్టీలో ఉత్తర, దక్షిణ ధ్రువాలు పక్కపక్కనే ఎలా ఉన్నాయో మీ టీచర్‌కి చూపించండి.

ఇట్లు,
మీ తాతయ్య