డిగ్రీ సెమినరీది, అభిషేకం సంఘానిది: క్వియర్ విద్యార్థుల ప్రశ్న వెనుక కథ

అమెరికాలో పెద్ద ప్రొటెస్టంట్ చర్చిల్లో పాస్టర్ కావాలనుకునేవాళ్లు సాధారణంగా మూడేళ్లు సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీలో, చదువుతారు. గ్రీకు, హీబ్రూ, ప్రసంగాలు, ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చుని చేసే ట్రైనింగ్, అన్నీ అయ్యాక ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) పట్టా చేతికొస్తుంది. కానీ పట్టా ఉన్నంత మాత్రాన ఎవరూ పాస్టర్ కారు. తల మీద చేతులుంచి అభిషేకించాల్సింది సంఘం. గే, లెస్బియన్, ట్రాన్స్ విద్యార్థుల (వీళ్లందరినీ కలిపి క్వియర్ అంటారు) అవస్థంతా దశాబ్దాలుగా ఇక్కడే. చదవనిచ్చేది ఒకరు, సేవలోకి రానివ్వాల్సింది మరొకరు. "అసలు చర్చి ఇలాగే ఉండాలా?" అని వాళ్లు అడిగితే కొత్త తరం ఆవేశమని కొందరు కొట్టిపారేస్తారు. నిజానికి ఆ ప్రశ్నకు యాభై ఏళ్లు దాటాయి.

1968 అక్టోబరు 6, ఆదివారం. లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఇంటి ముందుగది. ట్రాయ్ పెర్రీ అంతకుముందు పెంతెకొస్తు పాస్టర్. గే అన్న కారణంతో సేవ పోగొట్టుకున్నాడు. పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చి ఆరాధన పెడితే పన్నెండు మంది వచ్చారు, ఎక్కువమంది స్నేహితులే. మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి అలా మొదలైంది. అక్కడ ప్రభువు బల్లకు, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి, రావాలంటే సభ్యత్వం అక్కర్లేదు. జంటగా వచ్చినవాళ్లు జంటగానే నిలబడి తీసుకోవచ్చు, వాళ్లిద్దరి కోసం కలిపి ప్రార్థిస్తారు. అందరూ బల్ల తీసుకుంటుంటే వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, ఇది ఎంత పెద్ద మాటో.

న్యూ ఆర్లీన్స్‌లో ఆ చర్చికి చెందిన స్థానిక సంఘం కొన్నాళ్లు అప్‌స్టెయిర్స్ లాంజ్ అనే బార్‌లోనే ఆరాధన జరుపుకుంది. 1973 జూన్ 24న ఆ బార్ తగలబడి 32 మంది చనిపోయారు. వాళ్లలో సంఘ కాపరి కూడా ఉన్నాడు. అంత్యక్రియల ప్రార్థనకు చాలా చర్చిలు ఒప్పుకోలేదు. మర్నాడు ఒక ఎపిస్కోపల్ గురువు చిన్న ప్రార్థన పెడితే బిషప్ నుంచి ఆయనకు మందలింపు వచ్చింది. చివరికి ఒక మెథడిస్టు చర్చి తలుపులు తీసింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడానికి కూడా పర్మిషన్ కావలసి వచ్చింది!

పెద్ద ప్రొటెస్టంట్ శాఖల్లో తొలి అడుగు 1972లో పడింది. యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ కాలిఫోర్నియాలో విలియం జాన్సన్‌ను, తాను గే అని బహిరంగంగా చెప్పుకున్నవాడని తెలిసే అభిషేకించింది. అదే ఏడాది యునైటెడ్ మెథడిస్టులు స్వలింగ సంబంధం క్రైస్తవ బోధకు పొసగదని తమ నియమావళిలో రాసుకున్నారు. 1984లో అలాంటివాళ్ల అభిషేకాన్నీ నిషేధించారు.

లూథరన్ల కథ దగ్గర నేను కాసేపు ఆగుతాను. 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో రెండు లూథరన్ సంఘాలు పైవాళ్ల అనుమతి లేకుండానే ఇద్దరు లెస్బియన్లనూ ఒక గే యువకుణ్నీ పాస్టర్లుగా పిలుచుకున్నాయి. ముగ్గురూ సెమినరీ ముగించినవాళ్లే. ఆ సంఘాలు చేరి ఉన్న లూథరన్ల జాతీయ సంస్థ ఆ రెండింటిపై విచారణ జరిపి సస్పెండ్ చేసింది, 1995 ఆఖరున వెలివేసింది. వాళ్లు ఆదివారం ఆరాధన మాత్రం మానలేదు. 2009లో అదే సంస్థ తన నియమం మార్చుకుని, ఆ మరుసటి ఏడాది అలాంటి పాస్టర్లను చేర్చుకుంది. బయట గడిచిన ఆ ఇరవై ఏళ్లే, నా ఉద్దేశంలో, సిసలైన సెమినరీ. పాస్టర్‌ను ఎవరు ఎంచుకోవాలి, సంఘం ఎవరిది అన్నవి అక్కడ పాఠాల్లో కాక పనిలో తేలాయి.

ప్రెస్బిటేరియన్లు 2011లో అభిషేకానికి ఉన్న ఇలాంటి అడ్డు తీసేశారు. మెథడిస్టులు 2019లో 438-384 ఓట్లతో నిషేధాన్ని బిగించి, 2024లో 692-51తో ఎత్తేశారు. ఆ రెండు ఓట్ల మధ్యకాలంలో అమెరికాలో వాళ్ల సంఘాల్లో దాదాపు నాలుగో వంతు విడిపోయి వెళ్లిపోయాయి.

ఇప్పుడు పట్టా పుచ్చుకునే క్వియర్ విద్యార్థికి చాలాచోట్ల రూలు అడ్డు రాదు. కానీ లూథరన్, ప్రెస్బిటేరియన్ సంఘాల్లో పాస్టర్‌ను పిలుచుకునేది స్థానిక విశ్వాసులే. రూలు పోయినా ఆ పిలుపు రావాలి. రానప్పుడు వాళ్లలో కొందరు మళ్లీ ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలో, పదిమందితో, రొట్టె విరుస్తున్నారు.