బేస్ గిటారు చేస్తామంటున్న పిల్లలకు

కావలి

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు చూసొచ్చిన దగ్గర్నుంచి బేస్ గిటారు, అంటే పాట అడుగున బరువైన శబ్దం ఇచ్చే గిటారు, కావాలని ఇంట్లో ఒకటే గోల అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొనిపెట్టమని కూడా కాదట, సొంతంగా చేసుకుంటామట. చిన్నోడు ఒక ప్రశ్న పంపాడు: "తాతయ్యా, మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే ఉన్నాయి. మరి ఇది అంత పొడుగెందుకు?" గిటారు చేయాలనుకునే చాలామంది ఏ చెక్క, ఏ రంగు అని మొదలుపెడతారు. వీడు అసలు మొదలుపెట్టాల్సిన చోటే పట్టుకున్నాడు.

మన వరండాలో నులక మంచం ఉంది కదా, దాని దగ్గర కూర్చోండి. మధ్యలో ఒక పురిని వేలితో లాగి వదలండి. ఇప్పుడు కాళ్లవైపు తాడు బాగా బిగించి మళ్లీ అదే పురిని మీటండి. శబ్దం సన్నబడుతుంది. మూల దగ్గరుండే పొట్టి పురిని మీటితే ఇంకా సన్నబడుతుంది. నులక తీసేసి బావిమోకు కడితే మాత్రం మోత బరువెక్కుతుంది. అంటే శబ్దం కిందికి దిగాలంటే తాడు వదులు చేయాలి, లేదా పొడుగు చేయాలి, లేదా లావు చేయాలి. ఈ మూడే దార్లు.

మామూలు ఎలక్ట్రిక్ గిటారులో తీగ పొడవు ఎక్కువగా 25న్నర అంగుళాలు. బేస్ గిటారు దానికంటే ఒక స్థాయి కింద పలకాలి, అంటే తీగ సెకనుకు సగం సార్లే ఊగాలి. పొడవు ఒక్కటే పెంచి ఆ పని చేయాలంటే 51 అంగుళాలు కావాలి, అంతదూరం చెయ్యి అందదు. మరీ వదులు చేస్తే వాలిన మంచంలా తీగ కిందికి జారి చెక్కకు కొట్టుకుంటుంది. అమెరికాలో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో తీసుకొచ్చిన బేస్ గిటారుకు 34 అంగుళాల పొడవు పెట్టాడు, మిగతాది తీగ లావుతో సరిపెట్టాడు. అంతకుముందు బేస్ వాయించేవాళ్లు మనిషి ఎత్తున్న పెద్ద వాయిద్యాన్ని నిలబెట్టి వాయించేవాళ్లు. ఇప్పటికీ ఎక్కువ బేస్ గిటార్లకు ఆ 34 అంగుళాలే కొలత. అన్నిటికంటే లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లు దాటి ఉంటుంది, సెకనుకు 41 సార్లు ఊగుతుంది.

ఇక మంచంలో తాడు కంటే ముఖ్యమైనది పట్టె. నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు వాటి లాగుడు మొత్తం 75, 80 కిలోలు ఉంటుంది. అంటే ఒక పెద్దమనిషి రాత్రింబవళ్లు లేవకుండా ఆ మంచం మీదే కూర్చున్నట్టు. మెత్తటి కొయ్యతో చేసిన పట్టె కొన్నేళ్లకు లోపలికి వంగడం మీరు చూసే ఉంటారు. గిటారుకు పట్టె ఒక్కటే, దాని మెడ. ఆ లాగుడంతా ముందువైపు నుంచే. అందుకే మెడ లోపల గాడి తీసి ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు, దానిమీద ఫింగర్‌బోర్డు, అంటే తీగలను వేళ్లతో నొక్కే పలక, అతికిస్తారు. మెడ వంగితే ఆ కడ్డీ చివర ఉన్న మరనట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. మంచానికి తలవైపు తాడు కదలకుండా ఉండి కాళ్లవైపు బిగించినట్టే, ఇక్కడ కింద గిటారు ఒంటిమీద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి దగ్గర తీగ నిలుస్తుంది, పైన బిరడాల దగ్గర బిగిస్తాం. ఈ లాగుడు అర్థమైతే ఏ చెక్క ఎక్కడ గట్టిగా ఉండాలో మీకే తెలిసిపోతుంది.

మంచం అంటే నాకు మా వడ్లాయన గుర్తొస్తాడు. ఉదయగిరి వైపు మా చిన్నతనంలో ఎవరింట్లో మంచం కావాలన్నా ఆయన దగ్గరికే. ఆ ప్రాంతంలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల పని మీరు చూసి తీరాలి. మా వడ్లాయన కొత్త కొయ్యను చేతికి రాగానే కోసేవాడు కాదు. పాక చూరు కింద పేర్చి ఒక ఎండాకాలమంతా అలాగే వదిలేసేవాడు. పట్టెను చిత్రిక పట్టేటప్పుడు ఒక కన్ను మూసి అంచు వెంట చూసేవాడు. మా కంటికి నున్నగా కనిపించేదాన్ని కూడా ఇంకో రెండు తోపులు తోసేవాడు. ఆ తోపుకు లేచిన పొరక చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గర పడేది, మేము ఏరుకుని చెవులకు పెట్టుకునేవాళ్లం. మాకప్పగించిన పనల్లా దారం చివర కదలకుండా పట్టుకోవడం. చెయ్యి కదిలితే గీత మళ్లీ మొదటి నుంచి వేయించేవాడు. కోపంతో కాదు, పని మీద గౌరవంతో. ఆ గౌరవం మీకూ రావాలి.

ఇప్పుడు మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు. ఈ చెమ్మలో పచ్చి చెక్క తెచ్చి కోస్తే ఎండలొచ్చేసరికి మెలితిరుగుతుంది. పాత ఇంటి టేకు తలుపు చెక్కో, ద్వారబంధం కమ్మో దొరికితే అది ఎప్పుడో ఆరి ఉంటుంది. మెడకు గీతలు చివరిదాకా తిన్నగా సాగిన చెక్క, ముడి లేనిది కావాలి. పాత చెక్కలో విరిగిన మేకులుంటాయి, చిత్రిక పెట్టకముందే అయస్కాంతంతో వెతకండి. గిటారు ఒంటికి పనస, టేకు, ఏదైనా పర్వాలేదు. మందం 45 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మెడ చదునుగా ఉందో లేదో తేల్చడానికి మన చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకోండి. పాలిష్ పట్టిన బండ మీద ఉప్పు కాగితం అతికించి దానిమీద చెక్కను రుద్దితే ఎత్తున్న చోట్లే ముందు అరుగుతాయి.

ఫింగర్‌బోర్డు మీద అడ్డంగా వరుసగా బిగించే సన్నటి లోహపు కమ్ముల్నే మెట్లంటారు. వాటి లెక్క మాత్రం మీరే వేయాలి. 34 అంగుళాలంటే 863.6 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 48.47 వస్తుంది, తీగ మొదలయ్యే పై చివర నుంచి మొదటి మెట్టు అంత దూరంలో. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగించండి, 45.75 వస్తుంది, మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు అంత దూరం. ఇలా పన్నెండు సార్లు చేసి, ఎంత పొడవు మిగిలిందో చూడండి. నేను చెప్పను, నోటుబుక్కులో మీరే చేసి చూడండి. గుర్తులు పెట్టేటప్పుడు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలవకండి, ప్రతిదీ పైన తీగ మొదలయ్యే చోట అడ్డంగా ఉండే నట్ అనే చిన్న పట్టీ దగ్గర నుంచే కొలవాలి. లేకపోతే వెంట్రుకవాసి తేడాలన్నీ చివరికి కలిసి అపశ్రుతి అవుతాయి.

మెట్ల తీగ, ట్రస్ రాడ్, బిరడాలు, బ్రిడ్జి, పికప్ కొనుక్కోవడంలో తప్పులేదు. మొదటి గిటారుకు అదే మంచిది. మెడను ఒంటికి నాలుగు స్క్రూలతో బిగిస్తారు. బ్రిడ్జిని అన్నిటికంటే ఆఖరున పెట్టాలి. ముందు నట్ నుంచి రెండు దారాలు లాగి మెడకు రెండు అంచుల్లోనూ సమంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే దానికి బెజ్జాలు. గాడులు తీసే మిషన్ పని పెద్దవాళ్లది, మీరు ముట్టుకోవద్దు. శబ్దం పెంచే యాంప్ పెట్టెకు కరెంటు వస్తుంది, దాన్ని విప్పొద్దు.

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంతం ప్రభావం కదులుతుంది, ఆ కదలికకు రాగితీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1831లో ఫారడే కనిపెట్టాడు. అంత చిన్న కరెంటు, చేతికి కూడా తెలియనిది, స్పీకరు దాకా వెళ్లి మన గుండెల మీద దరువేస్తుందంటే ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. పూర్తిగా వివరించాలంటే ఈ ఉత్తరం సరిపోదు. ఇళయరాజా పాట ఏదైనా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, గొంతును వదిలేసి కింద నడిచే ఆ తీగనే పట్టుకోండి.

సంక్రాంతి సెలవుల్లోపు ఒక పని చేయండి. మీటరు పైన పొడవున్న కాగితం మీద గిటారు బొమ్మ అసలు కొలతలతో గీయండి. ముందు నడిమి గీత, దానిమీద 863.6, తర్వాత మెట్లు, ఆ తర్వాతే ఒంటి ఆకారం. ఆ చుట్ట పట్టుకుని కావలి రండి. అటక మీదున్న పాత తలుపు ఈలోగా దించి నీడలో పెట్టిస్తాను.

మీ తాతయ్య