రామలింగరాజు, సత్యం, 108: ఒక ఆడిటర్ వైపు నుంచి అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో సీఏ ప్రాక్టీసు నాది. రైస్ మిల్లులు, రొయ్యల వ్యాపారులు, ఒకటి రెండు ట్రస్టులు, ఇవే లెక్కలు చూసేది. వీళ్ళెవరికీ హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌తో సంబంధం లేదు. అయినా పని ముగిసి టీ వచ్చేసరికి, దాన్ని స్థాపించి, 108 అంబులెన్సులు తెచ్చి, 2009లో కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకున్న రామలింగరాజు గారి మాట ఎవరో ఒకరు తెస్తారు. దేవుడు అనేవాళ్ళున్నారు, దొంగ అనేవాళ్ళున్నారు. ఎక్కువగా వినపడే మాటలు తీసుకుని, మా వృత్తి వైపు నుంచి ఎలా కనిపిస్తాయో చెబుతాను.

అపోహ: "108 పెట్టి అన్ని ప్రాణాలు కాపాడాడు సార్. ఆ పుణ్యం ముందు ఈ తప్పు ఎంత?"

108 గొప్ప పని, అందులో అనుమానం లేదు. 2005 ఆగస్టు 15న అంబులెన్సులు మొదలయ్యాయి. అంతకుముందు మన హైవే మీద, తడ నుంచి ఒంగోలు దాకా ఎక్కడ యాక్సిడెంట్ అయినా, దయగల లారీ డ్రైవరో ఆటోవాలానో ఆగితేనే ఆసుపత్రి. ఒక్క నంబరు, ఒక కాల్ సెంటర్, బండిలో శిక్షణ పొందిన మనిషి, దారిలోనే చికిత్స మొదలవడం. ఈ పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి.

అయితే అందులో ఎవరి వాటా ఎంత? 108 నడిపే సంస్థను నిలబెట్టింది, మొదట్లో డబ్బు పెట్టింది రాజు గారి కుటుంబం. ఊరూరా బండ్లు నడిపే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. అర్ధరాత్రి పరుగెత్తింది డ్రైవర్లు, టెక్నీషియన్లు. 2009లో ఆయన జైలుకి వెళ్ళినా బండ్లు ఆగలేదు, జీవీకే గ్రూపు ముందుకొచ్చి నడిపింది.

అసలు చిక్కు ఇంకొకటి. మా లెక్కల్లో ఒకరి దగ్గర రావాల్సింది, ఇంకొకరికి ఇవ్వాల్సింది కలిపి తీసివేయకూడదు. రెండూ విడివిడిగా చూపించాల్సిందే. రంగయ్యకి తీర్చాల్సిన బాకీని సుబ్బయ్యకి అన్నం పెట్టి తీర్చామంటే రంగయ్య ఒప్పుకుంటాడా? కావలి దగ్గర ప్రాణం దక్కినవాడి మేలు నిజం. రిటైర్‌మెంట్ డబ్బు సత్యం షేర్లలో పెట్టి పోగొట్టుకున్నవాడి నష్టమూ నిజం. ఈయన దగ్గర తీసుకుని ఆయనకి ఇమ్మని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అలాగని మోసం బయటపడింది కాబట్టి 108 కూడా నాటకమే అనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. అది ఎదురు వైపు నుంచి చేసే అదే తీసివేత.

అపోహ: "ఎవరూ పట్టుకోలేదు. తనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అదీ నిజాయితీ అంటే."

2009 జనవరి 7న ఆయన పేరుతో బోర్డుకి ఉత్తరం వెళ్ళిన మాట నిజం. అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, ఆయన కొడుకుల నిర్మాణ, రియల్ ఎస్టేట్ కంపెనీలు మేటాస్ రెండింటిని సత్యం 160 కోట్ల డాలర్లకి కొంటుందని ప్రకటించారు. ఇన్వెస్టర్లు మండిపడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి ఆ కొనుగోలు చివరి ప్రయత్నమని ఉత్తరంలోనే ఉంది. దారులన్నీ మూసుకున్నాక చెప్పిన నిజం అది. చెప్పకుండా పారిపోయినవాళ్ళకంటే మేలే అంటే సరే, అంతవరకు ఒప్పుకుంటాను.

కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని కూడా అదే ఉత్తరంలో ఉంది. 2014లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మాత్రం వేరేలా చూసింది. పెంచి చూపిన ధరకి షేర్లు అమ్ముకున్నా, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నా అది లాభమే అంది. రాజు గారిని మార్కెట్ నుంచి 14 ఏళ్ళు నిషేధించింది. ఆ ఆర్డర్ మీద తర్వాత అప్పీళ్ళు చాలా నడిచాయి. కానీ ఆ తర్కంలో నాకు లోపం కనపడదు. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టకుండా కూడా డబ్బు చేసుకోవచ్చు.

అపోహ: "అంత పెద్ద ఆడిటర్లు, అంత పెద్ద బోర్డు. వాళ్ళకే తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది?"

ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, హైదరాబాదు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. 2008లో మంచి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది (తర్వాత వెనక్కి తీసుకున్నారు లెండి). సత్యం లెక్కల పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవని ఉత్తరం చెప్పింది.

బ్యాంకులో డబ్బు ఉందో లేదో తెలుసుకోవడం ఆడిట్‌లో కష్టమైన పనేమీ కాదు. ఆడిటరే నేరుగా బ్యాంకుకి రాయాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. మధ్యలో క్లయింటు చెయ్యి పడకూడదు. మా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలకి నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. "నేనే తెచ్చిస్తా సార్, మేనేజరు మనోడే" అని రొయ్యల వ్యాపారి అంటే "వద్దన్నా, నాకే పంపమను" అంటాం. సత్యంలో ఈ ఉత్తరాలు పంపడం, జవాబులు తీసుకోవడం పూర్తిగా కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. కాబట్టి రాజు గారి ఖాతాలో రాసేదంతా ఆయన ఒక్కరిదీ కాదు. 2015లో దోషులుగా తేలిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. మా వృత్తికి అది ఇప్పటికీ మచ్చే.

అపోహ: "కంపెనీ అంతా బోగస్."

కాదు. వేలమంది ఇంజినీర్లు నిజంగా పని చేశారు, క్లయింట్లు నిజం. బోగస్ అయింది లాభం. ఒక త్రైమాసికంలో 649 కోట్లని చూపించింది అసలు 61 కోట్లే. కంపెనీలో సత్తా ఉంది కాబట్టే 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొన్నది.

అపోహ: "నష్టపోయింది షేర్ మార్కెట్ ఆడేవాళ్ళే. వాళ్ళకి ఇది మామూలే."

ఆ జనవరిలో మన వైపు ఎన్ని ఇళ్ళల్లో టెన్షన్ పడ్డారో మర్చిపోయారా? సత్యంలో ఉద్యోగమంటే పెళ్ళి సంబంధాల్లో మొదటి మాట అదే. అట్టాంటిది, వచ్చే నెల జీతం పడుతుందా అని అడిగే పరిస్థితి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో షేర్లు కొన్నవాళ్ళు అందరూ కలిసి దావా వేశారు. 2011లో సత్యం వాళ్ళకి 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. గూడూరులోనో కందుకూరులోనో కొన్నవాళ్ళకి అలా కలిసి దావా వేసే వీలు మన కంపెనీల చట్టంలో అప్పటికి లేదు. 2013 చట్టంలో 245వ సెక్షన్‌గా వచ్చింది. ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్న నిబంధన కూడా ఆ చట్టంతోనే వచ్చింది. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఇవీ ఉన్నాయి, కోరి ఇవ్వకపోయినా.

అపోహ: "కేసు పూర్తిగా తేలలేదు కదా. అప్పటిదాకా మనం మాట్లాడకూడదు."

2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, మే నెలలో అప్పీలు మీద శిక్ష నిలిపి బెయిలు ఇచ్చారు. కోర్టు తేల్చేది జైలు సంగతి. ఎవరి పేరు ఎక్కడ పెట్టుకోవాలో మనం ఈలోపే తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ మధ్య ఒక ట్రస్టు వాళ్ళు బహుమతికి ఆయన పేరు పెడితే ఎట్టా ఉంటుందని అడిగారు. అంబులెన్సు సిబ్బందికి ఇచ్చేదైతే నిరభ్యంతరంగా పెట్టండి, బీకాం పిల్లలకి ఇచ్చేదైతే వద్దు అన్నాను.