వార్డెన్ పెట్టిన సంతకం

ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే సూది, అనగానే గోదావరి జిల్లాల్లో పాత భయం మళ్లీ లేస్తుంది. “ఆ సూది వేయిస్తే పిల్లకు కడుపు పండదట” అనే మాట ఏజెన్సీలోనే కాదు, ధవళేశ్వరం దిగువన ఉన్న మన ఊళ్లలోనూ వినపడుతుంది. గిరిజనుల మూఢనమ్మకం మనదాకా పాకిందని తేల్చేయడం సులువే, కానీ అది అన్యాయం. ఈ టీకా వల్ల సంతానం కలగదన్నది నిజం కాదు. అయితే నమ్మకం పోవడానికి మాత్రం కారణం ఉంది. అది కాగితాల మీదే ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎలా వస్తుందో, టీకా ఎలా పనిచేస్తుందో ఈపాటికి అందరూ చదివే ఉంటారు. నేరుగా 2009 జూలైకి వెళ్దాం. పాథ్ అనే అమెరికా సంస్థ గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఖమ్మం జిల్లాలో ఈ టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. టీకాలను తయారుచేసే కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మంది. ఒక్కొక్కరికి మూడు డోసులు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు.

నా దృష్టిలో కథంతా ఆ హాస్టల్ గదుల్లోనే ఉంది. పిల్ల అక్కడ, తల్లి ఎక్కడో గూడెంలో. సంతరోజునో పండక్కో తప్ప చూసుకునే వీలుండదు. అలాంటప్పుడు సమ్మతి పత్రం మీద సంతకం ఎవరు పెట్టాలి? హెడ్మాస్టర్లు, వార్డెన్లు పెడితే చాలన్నారు. తర్వాత విచారణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలు తిరగేస్తే 1,948 వాటి మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలే. వేలిముద్ర వేసిన ఆ తల్లికి కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా? కోయ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఆఫీసు తెలుగే పరాయిది. ఇక పిల్లల చేతికిచ్చిన కార్డులు ఇంగ్లిషులో ఉన్నాయి.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లు తిరిగి, తల్లిదండ్రులను అడిగి, విన్నదంతా బయటపెట్టారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికే ఖమ్మంలోనూ, ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం దాదాపు లేదని ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. వైద్యపరంగా ఆ మాటను కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగింది వేరే ప్రశ్న: “నన్నెందుకు అడగలేదు?” దానికి ఆ నివేదిక సమాధానం కాలేదు.

కొంతవరకైనా జవాబు వచ్చింది 2013 ఆగస్టులో, పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదికతో. మందు కంపెనీలకు మార్కెట్ దొరికేలా పిల్లల భద్రతను, హక్కులను పక్కనపెట్టారని అది సూటిగా తప్పుపట్టింది. ఇది ప్రయోగం కాదు, డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు (టీకాను ఆచరణలో వేసి చూపే కార్యక్రమం) మాత్రమే అన్న వాదననూ ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు చూడొచ్చని తీర్పు ఇచ్చింది. తీర్పు ముఖ్యమైనదే, కానీ గూడెందాకా చేరేది తీర్పు కాదు, జ్ఞాపకం.

ఆ జ్ఞాపకం మనకు దగ్గరైంది కూడా. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయి, ఆ మండలంలోని మిగతా గ్రామాలు, చింతూరు, కూనవరం, వీఆర్ పురం అప్పటి తూర్పు గోదావరిలో కలిశాయి. అక్కడి ఆడవాళ్లకు కాన్పు కష్టమైతే ఇప్పుడు రాజమండ్రికో కాకినాడకో కూడా తీసుకొస్తారు. పోలవరం ముంపు నుంచి లేచొచ్చిన కోయ, కొండరెడ్డి కుటుంబాలు మైదానంలోని కాలనీల్లో ఉంటున్నాయి. ఖమ్మంలో జరిగింది మనకెందుకు అనుకోవడానికి లేదు.

ఇక ఇప్పటి విషయం. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. అవసరం ఉంది. దేశంలో ఏటా లక్షా పాతిక వేలకు పైగా ఆడవాళ్లు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. క్యాన్సర్‌గా మారకముందే గర్భాశయ ముఖద్వారానికి చేసే కొన్ని చికిత్సల వల్ల తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. అంటే పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఈ టీకా మేలే చేస్తుంది. ఈ సంగతిని కోయ మాటల్లో, తల్లి ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి కావాలి. అమలాపురంలో ఏ ప్రైవేటు స్కూలైనా పిల్లకు సూది వేయించేముందు ఇంటికి ఫోన్ చేస్తుంది. చింతూరు హాస్టల్ పిల్లకూ అంతే జరగాలి. తల్లి వచ్చేదాకా ఆగాలంటే ఒక సంత వారం ఆలస్యమవుతుంది, అంతే.

2009లో ఆ హాస్టళ్లలో సూది వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. చాలామందికి పెళ్లిళ్లయి, ఆడపిల్లలు పుట్టారు. రేపు సమ్మతి పత్రం పట్టుకుని ఆరోగ్య కార్యకర్త వెళ్లేది వాళ్ల గుమ్మంలోకే.