బ్రేకర్ పడలేదు, వైరు కాలింది: విమాన వైరింగ్ భద్రత వెనక కథ

నెల్లూరు జిల్లా అల్లూరు, కావలి వైపు రొయ్యల గుంట దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల బ్రేకర్ పడిపోతే రైతు ముందు చేసే పని దాన్ని మళ్లీ పైకి లేపడం. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పంట మొత్తం పోతుంది, ఆ టెన్షన్ అలాంటిది. విమానాల్లోనూ చాలాకాలం ఇదే అలవాటు ఉండేది. మా జిల్లాలో ప్రతిపాదించిన దగదర్తి విమానాశ్రయం మాట ఎప్పుడొచ్చినా మన దగ్గర చర్చ భూములు, రన్‌వే దగ్గరే ఆగిపోతుంది. విమానం గోడల వెనక వైర్ల సంగతి కూడా అందరికీ తెలియాలి.

బ్రేకర్ పెట్టేది ప్రధానంగా వైరును కాపాడడానికి, దాని చివర ఉన్న పరికరాన్ని కాదు. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. వైరు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు కొంతసేపు పారితే పట్టీ వేడెక్కి వంగుతుంది, బటన్ బయటికి వచ్చేస్తుంది. గట్టి షార్ట్ సర్క్యూట్ అయితే ఇంకా త్వరగా పడుతుంది. చిక్కల్లా ఆర్క్‌తోనే, అంటే కరెంటు గాలిలోంచి దూకి రేపే నిప్పురవ్వతో. ఇన్సులేషన్ ఒరుసుకుపోయిన చోట నిప్పురవ్వలు వస్తూ పోతూ ఉంటాయి. అక్కడ వేడి వేల డిగ్రీలు ఉంటుంది, కానీ కరెంటు ఆగి ఆగి పారుతుంది కాబట్టి పట్టీ వంగేంత వేడెక్కదు. కాప్టన్ అనే ఇన్సులేషన్ తేలిక, పలచన, తేలిగ్గా మండదు. అయితే ఆర్క్ వస్తే అది బొగ్గుగా మారుతుంది, ఆ బొగ్గే కరెంటుకు దారి ఇచ్చి పక్క వైర్లనూ కాలుస్తుంది.

1996 జులై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 విమానం గాలిలోనే పేలి 230 మంది చనిపోయారు. ఇంధన ట్యాంకు బయట షార్ట్ సర్క్యూట్ జరిగి, ఇంధనాన్ని కొలిచే వైర్ల గుండా ఎక్కువ వోల్టేజి ట్యాంకులోకి వెళ్లి ఉండవచ్చని 2000లో అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. రెండేళ్ల తర్వాత, 1998 సెప్టెంబరు 2న, స్విస్‌ఎయిర్ 111 కెనడా తీరంలో కూలింది. 229 మంది పోయారు. కాక్‌పిట్ పైకప్పు వెనక ఆర్క్‌తో మొదలైన మంట, వేడి, చప్పుడు ఆపడానికి పరిచిన ఇన్సులేషన్ దుప్పట్లకు పాకింది. ప్రయాణికుల వినోద వ్యవస్థకు కరెంటు ఇచ్చే వైరు మీద ఆర్క్ గుర్తులు దొరికాయి. అప్పటి బ్రేకర్లు అన్ని రకాల ఆర్క్‌ల నుంచీ రక్షణ ఇవ్వలేవని 2003 నాటి కెనడా నివేదిక స్పష్టంగా చెప్పింది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే.

పడిన బ్రేకర్‌ను తిరిగి నొక్కడం గురించీ ఆలోచన మారింది. గాలిలో ఉండగా నొక్కకూడదు, భద్రతకు తప్పనిసరైతేనే, అదీ ఒక్కసారే అన్నది ఇప్పటి పద్ధతి. లోపం సరిచేయకుండా వదిలేయడం ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ: 2007 జులైలో అమెరికాలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 అనే చిన్న విమానం కూలి, విమానంలో ఇద్దరు, నేల మీద ముగ్గురు చనిపోయారు. ముందు రోజు కాలిన వాసన వస్తే మరో పైలట్ వాతావరణ రాడార్ బ్రేకర్ లాగేసి ఆ సంగతి రాసి పెట్టాడు. రిపేరు చేయకుండానే విమానాన్ని మళ్లీ ఎగరనిచ్చారు.

అదే ఏడాది చివర అమెరికా విమానయాన శాఖ వైరింగ్‌ను కూడా ఇంజిన్‌లాగా ఒక ప్రత్యేక వ్యవస్థగా పరిగణించే నిబంధనలు తెచ్చింది. ఆర్క్‌ను గుర్తించే ఎలక్ట్రానిక్ బ్రేకర్లు వచ్చాయి. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వను ప్రమాదంగా పొరబడి ఊరికే పడిపోకుండా వాటిని తయారుచేయడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. బోయింగ్ 787లో చాలా బ్రేకర్లు తెర మీదే కనిపిస్తాయి. పాత విమానాల్లో మాత్రం ఇప్పటికీ బటన్ బ్రేకర్లే. వాటి విషయంలో టెక్నీషియన్ టార్చి, అద్దం పట్టుకుని వైర్ల కట్టల మధ్య పేరుకున్న దుమ్ము, డ్రిల్లింగ్‌లో రాలిన లోహపు పొట్టు, ఒరిసిన చోట్లు వెతకడమే పెద్ద రక్షణ.