నల్ల దారం మీద నరం – గట్టుప్పల్ పిల్లలకు ఉత్తరం

బిడ్డలూ,

తెగిన నరం మళ్ళీ పెరగాలంటే బీరతీగకు వేసినట్టు పందిరి వేయాలె. నర కణాల కబుర్లు చాలావరకు కరెంటుతో నడుస్తయి గనుక ఆ పందిరిలోనూ కరెంటు పారితే మేలు. లోహపు తీగ పెడితే మెత్తటి కండకు బిరుసైపోతది. అందుకే కరెంటు పారే ప్లాస్టిక్కులు. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ వీటికి దారి తీశారు. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. నరాల పనికి బాగా వాడేది పాలీపిర్రోల్.

దాన్ని పోగుకు పట్టించడం మీ నేతోళ్ళ ఇండ్లల్లో నూలుకు రంగు వేసినట్టే. ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలీకాప్రోలాక్టోన్ పోగుల గుడ్డ తీసుకుంటరు. దాని మీద నీళ్ళు నిలవవు, బొట్టుబొట్టుగా జారిపోతయి. తేలియా రుమాలు నూలును ముందు నూనెతో, బూడిద నీళ్ళతో సాకితేనే రంగు పట్టుకుంటది గదా, దీన్నీ ముందు ఆల్కహాల్‌లో తడపాలె. తర్వాత 0.67 గ్రాముల పిర్రోల్ కలిపిన 100 మిల్లీలీటర్ల మంచు చల్లని నీళ్ళల్ల నానేసి, 6.2 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ పసుపు గడ్డలను వేరే నీళ్ళల్ల కరిగించి కొద్దికొద్దిగా పోయాలె. చూస్తుండగానే పిర్రోల్ గొలుసుకట్టి పాలీపిర్రోల్ అయి గుడ్డ నల్లబడతది. తొందరపడి ఒక్కసారే పోస్తే నలుపు పోగుకు పట్టదు, పొడై అడుగున పేరుకుంటది. పిర్రోల్ ఆవిరి విషం. ఇది ఇంట్ల చేసే పని కాదు, ల్యాబ్‌లో విషపు ఆవిరిని బయటికి లాగే పొగగూడు కిందనే.

కొత్తవాళ్ళు వెంటనే కరెంటు ఎంత పారుతదో మీటరు పెట్టి చూస్తరు. నేనైతే ముందు కడిగిన నీళ్ళు చూడమంట. పసుపు ఛాయ ఉన్నదంటే ఇనుము మిగిలినట్టు, కణాలు బతకవు. నీళ్ళు తేటపడ్డాక కూడా ఇంకొన్నిసార్లు కడగాలె. క్రిములు చంపడానికి 121 డిగ్రీల ఆవిరిలో పెట్టొద్దు. 60 డిగ్రీలకే ఈ పోగు కరిగి ముద్దవుతది. ల్యాబ్‌లో కణాలు పెంచే పనికి 70 శాతం ఆల్కహాల్ వాడతరు.

1997లో అమెరికాలో పాలీపిర్రోల్ మీద పెంచిన నరంవంటి కణాలకు 100 మిల్లీవోల్టులు 2 గంటలు ఇస్తే, వాటి కొమ్మలు ఇవ్వనివాటికంటే దాదాపు రెండింతలు సాగినయి. గోడ గడియారం సెల్లులో ఉండేదాంట్ల అది 15వ వంతు. మరీ ఎక్కువిస్తే నీళ్ళే విడిపోయి బుడగలొస్తయి, కణాలు చస్తయి.

పాలీఎనిలీన్ అనే ఇంకో కరెంటు ప్లాస్టిక్ చవకే కానీ, మన రక్తపు పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 7.4 దగ్గర దాని కరెంటు బాగా పడిపోతది. పాలీపిర్రోల్ ఆ విషయంల కొంత నయం. కానీ ఒంట్లో కరగదు. అందుకే పూత ఎంత పల్చగుంటే అంత మంచిది.