స్వేచ్ఛ అంటే ఎంత? 21వ అధికరణం వెనుక కథ

పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తుంటే "పీడీ యాక్ట్" అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఫలానా వ్యక్తి మీద పీడీ యాక్ట్ పెట్టారు, జైలుకు తరలించారు అని వార్త. అతను నేరం చేశాడని ఏ కోర్టూ తేల్చలేదు. ముందుముందు చేస్తాడేమో అన్న అనుమానం మీదే లోపల పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన ముందస్తు నిర్బంధ (ప్రివెంటివ్ డిటెన్షన్) చట్టం అది. దాని కింద విచారణ లేకుండా 12 నెలల దాకా ఉంచొచ్చు.

మరి రాజ్యాంగం స్వేచ్ఛ ఇచ్చింది కదా? ఇచ్చింది. చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదని 21వ అధికరణం చెబుతుంది. మొత్తం ఒకే ఒక్క వాక్యం. స్వేచ్ఛ అంటే ఏమిటో అందులో రాయలేదు. ఆ మాటలో ఏమేం ఇమడతాయో తేలడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది.

మొదట్లో ఆ వాక్యం ఇలా లేదు. 1947లో రాజ్యాంగ సభ ఒప్పుకున్న రూపంలో "డ్యూ ప్రాసెస్" అని ఉండేది. అమెరికా రాజ్యాంగం నుంచి తెచ్చుకున్న మాట అది. పద్ధతి పాటించామంటే చాలదు, ఆ పద్ధతి న్యాయంగా ఉందో లేదో కోర్టు చూస్తుందని దాని అర్థం. అదే ఏడాది చివర్లో రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ఆ మాట పెట్టుకోవద్దని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా ఇచ్చారు. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు కొట్టేయడం ప్రజాస్వామ్యం కాదన్నది ఆయన వాదన.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బేకరీ పనివాళ్లతో వారానికి 60 గంటలకు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేస్తే, 1905లో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట ఆధారంగానే కొట్టేసింది. పనివాడికి ఎన్ని గంటలైనా పని చేసే "స్వేచ్ఛ" ఉందట! పొయ్యి ముందు గంటల తరబడి నిలబడేవాడి కోసం చేసిన చట్టాన్ని అతని స్వేచ్ఛ పేరు చెప్పే తీసేశారు.

1948 ఫిబ్రవరి ముసాయిదాకు వచ్చేసరికి "డ్యూ ప్రాసెస్" పోయింది. జపాన్ రాజ్యాంగం నుంచి "చట్టం ఏర్పరచిన పద్ధతి" వచ్చి చేరింది. స్వేచ్ఛ ముందు "వ్యక్తిగత" అన్న విశేషణం కూడా తగిలించారు. ఆ ఏడాది డిసెంబరులో సభలో గట్టి చర్చే జరిగింది. పాత మాటే కావాలని కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెచ్చారు, కె.ఎం. మున్షీ బలపరిచారు. వద్దన్నవాళ్లలో ముఖ్యులు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీకి 15 ఏళ్లు అడ్వకేట్ జనరల్‌గా చేసిన మనిషి. సామాజిక చట్టాలకు జడ్జీలు అడ్డం పడతారన్నది ఆయన ఆందోళన. జమీందారీల రద్దు అప్పుడే మొదలవుతున్న రోజులవి కాబట్టి ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోలేను. కానీ భూమి పంచే చట్టానికి తీసిన గొళ్లెం, మనిషిని లోపల వేసే చట్టానికి కూడా తలుపు తెరుస్తుంది.

అంబేద్కర్ ఆ రోజు ఎటూ తేల్చి చెప్పలేదు. రెండు వైపులా ప్రమాదం ఉందని, నిర్ణయం సభకే వదిలేస్తున్నానని అన్నారు. సవరణ ఓడిపోయింది. బయట విమర్శలు ఎక్కువవడంతో 1949 సెప్టెంబరులో ఆయనే మరో అధికరణం తెచ్చారు. ఇప్పుడది 22వ అధికరణం. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయర్‌ను పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అయితే ముందస్తు నిర్బంధానికి ఇవి వర్తించవని కూడా అందులోనే ఉంది. పీడీ యాక్ట్ ఇవాళ నిలబడుతున్నది ఆ వాక్యం మీదే.

రాజ్యాంగం అమల్లోకి వచ్చి నాలుగు నెలలు నిండకముందే మొదటి పరీక్ష ఎదురైంది. మద్రాసు రాష్ట్రంలో విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. చట్టం అంటే న్యాయం కూడా కావాలన్నది ఆయన తరఫు వాదన. శాసనసభ చేసిందే చట్టం, అది న్యాయమా కాదా అని మేం చూడం అని 1950 మే 19న కోర్టు చెప్పింది. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు.

తర్వాతి కేసు ఖరక్ సింగ్‌ది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దోపిడీ కేసులో 1941లో ఆయన్ని పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీషీట్ తెలిసినవాళ్లకు ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రాత్రిపూట కానిస్టేబుళ్లు, ఊరి చౌకీదారు వచ్చి తలుపు తట్టేవారు, నిద్ర లేపేవారు. వేరే ఊరికి వెళ్లాలంటే చౌకీదారుకు చెప్పి వెళ్లాలి. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు, ఆ తట్టుడు మాత్రం ఆగలేదు.

1962 డిసెంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ జడ్జీలు రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదన్నారు గానీ మిగతా నిఘాను ఉండనిచ్చారు. ఏకాంతం (ప్రైవసీ) ప్రాథమిక హక్కు కాదన్నారు. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, అప్పటికి సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. కాళ్లకు సంకెళ్లు వేయకపోయినంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టా? వెనకే ఒక నీడ తిరుగుతుంటే అతను ఎవరితో మనసు విప్పి మాట్లాడతాడు? ఆయన తీర్పు వెనుక ఉన్న ప్రశ్న ఇదే. ఏకాంతం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని రాశారు. స్వేచ్ఛ అన్న మాటకు ఈ దేశంలో ఇచ్చిన అర్థాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలే ముందు రోజు, విదేశాలకు వెళ్లే హక్కు కూడా అందులో ఉందని తీర్పు ఇచ్చి వెళ్లారు.

ఎమర్జెన్సీలో ఆ మాట దాదాపు ఖాళీ అయిపోయింది. నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టుకు రావడానికే వీల్లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. కాదన్న ఒక్కరు జస్టిస్ ఖన్నా. ఆ తర్వాత కొద్ది రోజులకే, మే 6న సుబ్బారావు కన్నుమూశారు.

మలుపు తిప్పింది ఒక పాస్‌పోర్టు. 1977లో జనతా ప్రభుత్వం మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుని, కారణం చెప్పమంటే ప్రజాప్రయోజనాల దృష్ట్యా చెప్పలేమంది. పద్ధతి అంటే ఏదో ఒక పద్ధతి కాదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978 జనవరి 25న కోర్టు తేల్చింది. 1948లో సభ కాదన్న "డ్యూ ప్రాసెస్" పేరు మార్చుకుని 30 ఏళ్ల తర్వాత వచ్చేసింది. అదే ఏడాది చేసిన 44వ సవరణతో ఎమర్జెన్సీలోనూ 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఆపైన బతుకుతెరువు అందులో చేరింది. 1993లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసుతో 14 ఏళ్ల లోపు పిల్లల చదువు కూడా చేరింది.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు రాసిందే సరైనదని ఒప్పుకున్నారు. 1976 నాటి తీర్పునూ కొట్టేశారు.

22వ అధికరణం మాత్రం అలాగే ఉంది. హైదరాబాద్ నుంచి ఒక మహిళ తన భర్త మీద పెట్టిన పీడీ యాక్ట్ చెల్లదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 సెప్టెంబరులో కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిందని పండగ చేసుకుంటున్న వేళ తెలంగాణలో కొందరు పోలీసు అధికారులు ప్రాథమిక హక్కులు పట్టనట్టు ఉన్నారని, ఈ ధోరణి ఎంత త్వరగా ఆగితే అంత మంచిదని తీర్పులో రాసింది.